బల్లమీది ఇత్తడి మొగ్గ

"ఫ్యూజు పోయింది" అనే మాట వినని ఇల్లు మన బ్రూక్‌ఫీల్డులో లేదు. వానాకాలం వచ్చిందంటే వారానికి రెండుసార్లయినా ఆ మాట వినబడుతుంది. కాని మేము ఇప్పుడు చెప్పబోయేది ఆ ఫ్యూజు సంగతి కాదు, ఫిరంగి గుండు కొనమీద మరలతో బిగించే ఫ్యూజు సంగతి. పలకడంలో రెండూ ఒక్కటే అయినా ఇంగ్లీషు సైనికులు రాతలో తేడా పాటిస్తారు. కరెంటు ఫ్యూజును 'ఎస్' అక్షరంతోను, గుండు ఫ్యూజును 'జెడ్' అక్షరంతోను రాస్తారు. మొదటిది ప్రమాదం రాకుండా తాను కాలిపోయేది. రెండవది తాను కాలి ప్రమాదాన్ని తెచ్చేది. ఆ ఒక్క అక్షరంలో అంత భేదం ఉన్నది.

ఇంటిల్లిపాదీ చదువుకునే మన పత్రికలో ఈ మారణాయుధాల ప్రస్తావన ఎందుకని కొందరు అడగవచ్చును. అడగవలసినదే. ఈ వస్తువు మా ఇంట్లో, అద్దాల బీరువాలో, తిరుపతి వెంకన్న పటానికీ కొండపల్లి బొమ్మలకూ మధ్య, తరతరాలుగా ఉండినది. అది ఏమిటో మాకు తెలియదు. మీ ఇళ్ళలో కూడా ఉండవచ్చును. అందుకే ఈ వ్యాసం.

మా ఇంటి సంగతి

మా ముత్తాతగారు చిత్తూరు జిల్లానుంచి బెంగుళూరు దండుకు వచ్చి పయనీరు పటాలంలో చేరారు. పయనీర్లంటే ఒక చేత తుపాకి, ఒక చేత పార పట్టి సైన్యానికి ముందు దారి వేసేవారు. బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట మొదటి యుద్ధంలో మరణించిన పయనీర్ల జ్ఞాపకార్థం నిలిపిన స్తంభం మనలో చాలామంది చూసే ఉంటారు. దాని పక్కనుంచి ఎన్నిసార్లు నడిచినా ఆగి చదివినవారు తక్కువ. ఆ మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) ముత్తాతగారు మెసొపొటేమియా, అంటే నేటి ఇరాక్, వెళ్ళి ప్రాణాలతో తిరిగి వచ్చారు. వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో ఒక కంబళి, ఒక ఇత్తడి వస్తువు తెచ్చారట. తరువాత సర్కారువారు ఒక పతకం పంపారు.

ఆ ఇత్తడి వస్తువు విచ్చుకోని తామర మొగ్గను నిలబెట్టినట్టు ఉండేది. అరచేతిలో ఇమిడేంత పరిమాణం, చూపుకు మించిన బరువు. నడుమున రెండు కట్లు, కింది కట్టుమీద వెంట్రుకవాసి గీతలు, వాటి పక్కన అంకెలు. మా నాన్నగారు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బల్లమీద పెట్టుకునేవారు. ఆయన పోయిన తరువాత అది బీరువాలోకి చేరింది. మా అమ్మ ఏటా ఆయుధపూజకు చింతపండుతో తోమి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకునేది. మా పిల్లలు దాని కట్టు తిప్పి "టైమెంతయింది?" అని ఆడుకునేవారు.

ఒక ఏడు ఆయుధపూజ మరునాడు సంఘం పనిమీద ఒక సుబేదారుగారు మా ఇంటికి వచ్చారు. ఇంజనీరు పటాలంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న పెద్దమనిషి. కాఫీ గ్లాసు చేతికి తీసుకొని బీరువా వైపు చూసి, తాగకుండానే గ్లాసు కింద పెట్టారు.

"అమ్మా, అది ఎవరిది?"

"మా మామగారి నాయనది. యుద్ధంనుంచి తెచ్చినాడు" అన్నది మా అమ్మ.

"లోపల ఏముందో ఎవరైనా చూసినారా?"

"లోపల ఏముంటుంది నాయనా? ఇత్తడేగదా. నలభై ఏండ్లనుంచి నేనే తోముతున్నాను."

"నలభై ఏండ్లు ఆ స్వామి కాపాడినాడమ్మా. ఇంక చాలు. పిల్లకాయలను బయటికి పంపండి. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దండి."

దూరంనుంచే తమ ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకొని, పోలీసులకు తామే ఫోను చేశారు. వారు వచ్చేలోగా వీధి అరుగుమీద కూర్చుని ఆయన చెప్పిన సంగతులూ, తరువాత మేము పుస్తకాలలో చదివి సరిచూసుకున్న సంగతులూ కలిపి ఇక్కడ రాస్తున్నాము.

గుండుకు బుద్ధి చెప్పేది

ఫిరంగి గుండు తనంతట తాను మొద్దు వస్తువు. ఎప్పుడు పేలాలో దానికి తెలియదు. ఫిరంగి గొట్టంలోనే పేలితే పేల్చినవారే పోతారు. నేలలో లోతుగా దిగి పేలితే గొయ్యి పడుతుంది గాని పని జరగదు. "ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు, ఇదిగో ఇప్పుడు" అని చెప్పేదే ఫ్యూజు. అది రెండు పనులు చేయాలి. మోసేవాడి చేతిలో, బండిలో, గొట్టంలో ఉన్నంతసేపు నిద్రపోవాలి. గొట్టం దాటాక మేలుకోవాలి.

పూర్వం దీన్ని కొయ్యతో చేసేవారు. కొయ్య మేకుకు నడుమ తొలిచి తుపాకిమందు కూరేవారు. ఎంత పొడవున మందు ఉంటే అంతసేపు కాలుతుంది గనుక, కావలసిన చోట రంధ్రం వేసో కోసో గుండుకు దిగగొట్టేవారు. దీపావళికి పొడుగు వత్తి పెట్టి దూరంగా పరుగెత్తే మన పిల్లలకు ఈ సూత్రం ఒకరు చెప్పనక్కరలేదు. 1784 ప్రాంతంలో హెన్రీ ష్రాప్నెల్ అనే ఇంగ్లీషు అధికారి సీసపు గుళ్ళు నింపి గాలిలోనే పగిలే గుండును కల్పించాడు. ఇంగ్లీషు సైన్యం దాన్ని 1803లో స్వీకరించింది. గాలిలో సరిగ్గా సమయానికి పగలాలంటే వత్తి లెక్క తప్పకూడదు. 1850 ప్రాంతాల్లో బాక్సర్ అనే మరొక అధికారి ఈ కొయ్య ఫ్యూజును బాగుచేశాడు.

తరువాత కొయ్య పోయి ఇత్తడి వచ్చింది. మొదటి యుద్ధంలో ఇంగ్లీషువారి పద్దెనిమిది పౌండ్ల ఫిరంగి ఉండేది. దాని ష్రాప్నెల్ గుండులో సుమారు 375 సీసపు గుళ్ళు. ఆ గుండు తలమీద ఎక్కువగా కనిపించినది 'నంబరు 80' అనే ఫ్యూజు. అందులో ఒకదానిమీద ఒకటి రెండు కట్లు. కట్ల అడుగున గాడి, గాడిలో కూరిన మందు. పై కట్టు కదలదు, కింది కట్టు తిరుగుతుంది. కింది కట్టును తిప్పి ఒక అంకె దగ్గర పెడితే నిప్పు అంత దూరం చుట్టి రావాలి. అదే గడియారం. మా పిల్లలు "టైమెంత" అని తిప్పినది ఆ కట్టునే.

మరి నిప్పు అంటించేది ఎవరు? బస్సు ఉన్నట్టుండి ముందుకు దూకితే నిలబడినవారు వెనక్కి తూలుతారు గదా. ఫిరంగి పేలి గుండు ముందుకు దూకగానే ఫ్యూజులోని చిన్న ముక్క అలాగే వెనక్కి తూలుతుంది. దాంతో సూది మందుబిళ్ళకు గుచ్చుకొని నిప్పు పుడుతుంది. ఆ నిప్పు పై కట్టు గాడిలో పరుగెత్తి, కింది కట్టులోకి దిగి, చివరకు గుండు లోపలికి చేరుతుంది. ఒకవేళ అది గురితప్పి నేల తాకితే, ఆ దెబ్బకు పేలే ఏర్పాటు కూడా అందులోనే ఉన్నది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఆ నంబరు 80 ఇంగ్లండులో పుట్టిన నమూనా కాదు. యుద్ధానికి ముందు ఒక ఇంగ్లీషు కంపెనీ జర్మనీలోని క్రుప్ కంపెనీనుంచి హక్కులు కొని తెచ్చుకున్నది. ఆ ఫ్యూజులతోనే జర్మనులమీద గుండ్లు కురిపించారు. యుద్ధం ముగిశాక క్రుప్ వారు "మా నమూనాకు రావలసిన రాయల్టీ ఏది?" అని లెక్క అడిగారు. చంపుకోవడం ఒక పద్దు, బాకీ మరొక పద్దు!

1917 నాటికి 'నంబరు 106' వాడుకలోకి వచ్చింది. ఇది తాకీ తాకగానే పేలే రకం. ముళ్ళతీగల కంచెలమీద గుండు పడితే నేలలో దిగకుండా పైపైనే పేలి తీగలు తెంచాలని దీన్ని చేశారు. దీని తలదగ్గర చుట్టిన సన్నని నాడా గుండు గిరగిర తిరుగుతుంటే గాలిలో విప్పుకొని పోతుంది. అది విప్పుకునేదాకా ఫ్యూజు నిద్రలోనే ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికావారు ఏకంగా చిన్న రేడియోను ఫ్యూజులో అమర్చారు. విమానం దగ్గరకు రాగానే దానంతట అదే పేలుతుంది. 1943 జనవరిలో హెలీనా అనే నౌకనుంచి దాన్ని మొదట శత్రువిమానంమీద వాడారు. యుద్ధం ముగిసేలోగా అలాంటివి రెండు కోట్లకు పైగా తయారయ్యాయి.

రాతలు చదవడం

సేకరించేవారు ఈ ఇత్తడి ముక్కల వెంట ఎందుకు పడతారో మాకు మొదట అర్థం కాలేదు. సుబేదారుగారు ఫోటో పెద్దదిచేసి చూపించాక కొంత అర్థమైనది. ఆఫీసులో ఫైలు అట్ట చూడగానే ఏ శాఖ, ఏ నంబరు, ఏ సంవత్సరం, ఎవరి చేతిమీదుగా వచ్చినదో మేము చెప్పగలం. లోపలి కాగితం విప్పనక్కరలేదు. ఫ్యూజు కూడా అంతే. దాని ఒంటిమీదనే దాని ఫైలు ఉంటుంది.

ఇంగ్లీషు ఫ్యూజుమీద మొదట చూడవలసినది నంబరు. అదే దాని జాతి. నంబరు పక్కన రోమను అంకె ఉంటే అది 'మార్కు', అంటే ఆ నమూనాను ఎన్నవసారి దిద్దారో తెలుస్తుంది. తరువాత చేసినవారి పొడి అక్షరాలు. 'ఆర్.ఎల్.' అంటే ఊలిచ్‌లోని రాయల్ లేబరేటరీ. 'వి.ఎస్.ఎం.' అంటే విక్కర్స్ కంపెనీ. 'ఇ.ఒ.సి.' అంటే ఎల్జ్‌విక్ కార్ఖానా. తరువాత నెల, సంవత్సరం. కాకిపాదం వంటి బాణపు గుర్తు ఉంటే అది సర్కారు సొత్తు. జర్మను ఫ్యూజులమీద 'డాప్.జెడ్.' అని ఉంటే కాలానికీ దెబ్బకూ రెంటికీ పేలే జంట ఫ్యూజు అని అర్థం. దాని పక్క అంకె నమూనా సంవత్సరం. అమెరికావారి 'ఎం 48'మీద వెంటనే పేలాలా, ఆగి పేలాలా అని తిప్పిపెట్టే గాటు ఉంటుంది. రెండవ యుద్ధంలో మన సైనికులు వాడిన ఇరవైయైదు పౌండ్ల ఫిరంగికి 117, 119 నంబర్లు బాగా తెలిసినవి. మన దేశంలో ఈ విద్యకు పాత పీఠం కలకత్తా పక్కన కాశీపూర్. అక్కడి ఫిరంగుల కార్ఖానా 1801లో మొదలైనది.

ఇంకొక ఆనవాలు ఉన్నది. పేలి వచ్చిన ఫ్యూజు నలిగి, కొన చదునై, కట్లు బిగిసిపోయి ఉంటుంది. పేలనిది కొత్త చెంబులా నిగనిగలాడవచ్చును. చూడముచ్చటైనదీ ప్రమాదమైనదే కావచ్చును. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మ బీరువా వైపు తిరిగి చూసింది. మేము ఏమీ అనలేదు.

మన వైపు గుండ్ల కథలు

యుద్ధాలన్నీ ఎక్కడో జరిగినవి, మనకేమిటి అనుకోవద్దు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మను నౌక మద్రాసు రేవుమీద నూరుకు పైగా గుండ్లు పేల్చి చమురు ట్యాంకులు తగులబెట్టింది. ఊరు విడిచి పారిపోయినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఆనాటి గుండ్ల తునకలు మద్రాసు మ్యూజియంలో దాచారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. ఆ దినాన పేలకుండా మిగిలినదొకటి, మందు తీసివేసిన తరువాత, విశాఖ మ్యూజియంలో నిలిచి ఉన్నది. సముద్రతీరానికి వెళ్ళే మన పిల్లలు దాన్ని చూడవచ్చును.

మన బెంగుళూరు మాటకు వస్తే, ముళ్ళతీగలను తెంచే మరొక సాధనం ఇక్కడనే పుట్టింది. 1912లో మెక్లింటాక్ అనే శాపర్ల కెప్టెను గొట్టాలలో మందు కూరి, ఒకదానికొకటి తగిలించి, కంచె కిందికి తోసి పేల్చే ఉపాయం కనిపెట్టాడు. దానికి ప్రపంచమంతా 'బెంగుళూరు టార్పెడో' అని పేరు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైనికులు కూడా దాన్ని మోసుకొని పోయారు. అంతకుముందు హైదరాలీ, టిప్పుల కాలంనాటి ఇనుపగొట్టపు తారాజువ్వలు ఉండనే ఉన్నవి. 2018లో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో పాడుబడిన బావిలో అలాంటివి వెయ్యికి పైగా బయటపడ్డాయి. వాటిని తవ్వి తీసినది పురావస్తు శాఖవారు. బావి సొంతదారో, దారినపోయేవారో సంచిలో వేసుకొని ఇంటికి తీసుకుపోలేదు. గమనించవలసిన సంగతి అది.

నేటి ఫ్యూజులు కూడా మన వాకిట్లోవే. హైదరాబాదులో 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఫిరంగి గుండ్లకు ఎలక్ట్రానిక్ ఫ్యూజులు తయారుచేసింది. మన బెంగుళూరులో ముఖ్యకార్యాలయం ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్‌తో రక్షణశాఖ 2023 డిసెంబరులో పదేళ్ళపాటు ఫ్యూజులు సరఫరా చేసేందుకు 5,336 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకున్నది. తయారీ పూనా యూనిట్‌కు అప్పగించారు. కొయ్యమేకు ఎంతదాకా ఎదిగినదో చూడండి.

పాతబడితే చల్లబడదు

"నూరేళ్ళ వస్తువు. ఇంక అందులో ఏముంటుంది?" అని మేము సుబేదారుగారిని అడిగాము.

"అయ్యా, ఊరగాయ పాతబడితే పదును తగ్గుతుంది. మందు అట్లా కాదు. పాతబడేకొద్దీ దాని మనసు ఎప్పుడెట్లా ఉంటుందో చెప్పలేము" అన్నారు ఆయన.

ఆయన మాట నిజమనడానికి రుజువులు ఉన్నవి. ఫ్యూజులో ఉండే మందు కొంచెమే. కాని అది దెబ్బకూ రాపిడికీ వేడికీ లేచేలా చేసిన రకం. చెయ్యి పోవడానికీ, కన్ను పోవడానికీ అది చాలును. బెల్జియంలో మొదటి యుద్ధపు గుండ్లు నేటికీ నాగటిచాళ్ళలో బయటపడుతూనే ఉన్నవి. ఆ యుద్ధం మొదలైన నూరేళ్ళకు, 2014 మార్చిలో, ఈప్ర్ పట్టణంలో అలాంటి గుండు పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. మన దేశంలో 2004 సెప్టెంబరు 30న ఢిల్లీ పక్కన ఘాజియాబాదులోని ఒక ఉక్కు కార్ఖానాలో పై దేశాలనుంచి వచ్చిన పాత ఇనుములో గుండ్లు ఉండిపోయి పేలగా పదిమంది మరణించారు. ఫిరంగులు సాధన చేసే మైదానాల పక్క పల్లెల్లో ఇత్తడికోసం గుండ్లు ఏరి, గుజిరీ అంగడికి అమ్మడానికి సుత్తితో కొట్టి, చేతులు పోగొట్టుకున్న పేదల వార్తలు పత్రికలలో చూస్తూనే ఉన్నాము. వారిది కుతూహలం కాదు, ఆకలి. మనకు ఆ సాకు కూడా లేదు.

సుబేదారుగారు తమ పటాలంలో నేటికీ చెప్పుకునే ఒక కథ చెప్పారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మద్రాసు శాపర్లకు చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యం తోటివారితో మైనులు వెతుకుతుండగా ఒక మైను పేలడానికి సిద్ధమైనది. అది పేలడానికి కొన్ని సెకండ్లే వ్యవధి. ఆయన దానిమీద పడి, తాను పోయి, చుట్టూ ఉన్నవారిని బతికించాడు. ఆ తమిళ సోదరునికి మరణానంతరం జార్జి క్రాసు ఇచ్చారు. "తెలిసినవాడికే అంత గడువు దొరికింది. తెలియనివాడికి ఆ గడువు కూడా దొరకదు" అన్నారు సుబేదారుగారు.

చట్టం ఏమంటుంది?

ఈ సంగతి మేము స్వయంగా చదివి చూశాము. 1959 ఆయుధాల చట్టంలో 'మందుగుండు' అనే మాటకు ఇచ్చిన అర్థంలో గుండ్లు, బాంబులతోపాటు ఫ్యూజులు అని పేరుపెట్టి రాశారు. వాటి భాగాలనూ చేర్చారు. కనుక ఖాళీదే గదా అని మనంతట మనం తీర్పు చెప్పుకోకూడదు. లైసెన్సు లేకుండా మందుగుండు దగ్గర ఉంచుకోవడం నేరం. మందు ఉన్నదైతే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా వర్తించవచ్చును. మట్టిలో దొరికిన పాత విలువైన వస్తువులకు 1878 నాటి నిధుల చట్టం, నూరేళ్ళు దాటిన పురావస్తువులకు 1972 నాటి చట్టం వేరే ఉన్నవి. అమెరికాలో ఉన్న మనవడికి ముత్తాత గుర్తుగా ఇద్దామని పెట్టెలో పెట్టి విమానం ఎక్కేరు సుమా! ఖాళీదైనా, బొమ్మదైనా అక్కడ ఒప్పుకోరు.

ఇలాంటి వస్తువు ఇంట్లో ఉన్నదని అనుమానం కలిగితే చేయవలసినది ఇంతే. ముట్టుకోకూడదు. తిప్పకూడదు. తోమకూడదు. పొయ్యి దగ్గరా, ఎండలోనూ పెట్టకూడదు. గుజిరీకి అమ్మకూడదు, చెత్తకుండీలో వేయకూడదు. స్కూటరు డిక్కీలో పెట్టుకొని పోలీసు ఠాణాకు తీసుకుపోవడం మంచి ఉద్దేశమే గాని తెలివైన పని కాదు. గది తలుపు వేసి, అందరినీ దూరంగా పంపి, 112కు ఫోను చేయాలి. వచ్చి చూసేవారికి అది రోజూ చేసే పని.

మరి సేకరించేదెట్లా?

పాత వస్తువులమీద మక్కువ ఉన్నవారిని మేము నిరుత్సాహపరచడం లేదు. సేకరించవలసినది మందు కాదు, సమాచారం. యుద్ధకాలపు ఫోటోలు, పోస్టుకార్డులు, జీతపు పుస్తకాలు, డిశ్చార్జి కాగితాలు, పటాలం గుండీలు, అన్నపు డబ్బాలు, తోలుపట్టీలు, ఫిరంగుల పాత శిక్షణ పుస్తకాలు, వీటిలో పేలేది ఏదీ లేదు. మొదటి యుద్ధపు పతకం ఉంటే భూతద్దం పెట్టి దాని అంచు చూడండి. సైనికుని నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ చెక్కి ఉంటాయి. పిల్లలకు యంత్రాలు చూపించాలంటే మనకు కూతవేటు దూరంలో, మారతహళ్ళి దారిలో, 2001లో తెరిచిన హెచ్.ఎ.ఎల్. మ్యూజియం ఉన్నది, కస్తూర్బా రోడ్డులో 1962లో ఆరంభించిన విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉన్నది. అక్కడ అన్నీ ముట్టుకోకుండా చూడవచ్చును, కొన్నిటిని ముట్టుకొని కూడా చూడవచ్చును.

చివరకు జరిగినది

ఆ సాయంత్రం పోలీసులు వచ్చారు. వారి వెంట బాంబులు చూసే దళం వచ్చింది. వీధిలో అందరూ గుమిగూడారు. మా అమ్మకు సిగ్గుగా తోచింది. "నేనేదో దొంగసొత్తు దాచినట్టయిందిరా" అని కళ్ళు తుడుచుకున్నది. దళంలోని కుర్రవాడు "అజ్జీ, మీ తప్పేమీ లేదు" అని కన్నడంలో చెప్పి, దాన్ని ఇసుక నింపిన పెట్టెలో పెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా తీసుకుపోయాడు.

కొన్ని వారాల తరువాత కబురు వచ్చింది. అడుగుభాగం ఖాళీయేనట. ఎవరో సైనికుడు ఆ కాలంలోనే విప్పి, జ్ఞాపికగా చేసి ఉంటాడు. కాని కట్ల గాడిలో మందు గట్టిపడి అలాగే ఉన్నదట. పైభాగంలోని సూదీ, మందుబిళ్ళా కూడా చెక్కుచెదరలేదట. దాన్ని ఊరిబయట నాశనం చేశారు. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కట్టు తిప్పి "టైమెంతయింది?" అన్న చిన్నదాని గొంతే చెవిలో తిరిగింది.

మరుసటి ఆయుధపూజకు బీరువాలో ఆ చోటు బోసిగా ఉన్నది. మా అమ్మ చింతపండు తెచ్చి ఊరికే కూర్చున్నది. అప్పుడు మేము ట్రంకు పెట్టె అడుగునుంచి ముత్తాతగారి పతకం తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, భూతద్దం ఆమె చేతికి ఇచ్చాము. అంచుమీద సన్నని ఇంగ్లీషు అక్షరాలు. ఆమెకు ఇంగ్లీషు రాదు. మా చిన్నది పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరమే చదివి వినిపించింది: నంబరు, హోదా, ఆయన పేరు, పటాలం పేరు.

నూరేళ్ళు మేము పూజించిన ఇత్తడిమీద దాన్ని చేసిన కార్ఖానా పేరు ఉన్నది గాని, దాన్ని మోసుకువచ్చిన మనిషి పేరు లేదు. ఆ పేరు ట్రంకు పెట్టె అడుగున మా కోసం కాచుకొని ఉన్నది. మా అమ్మ పతకానికి కుంకుమ పెట్టింది. మీ ఇంటి బీరువాలు కూడా ఒకసారి పరికించి చూడండి. తీసివేయవలసినది తీసివేయండి. దాచవలసినది దాచండి.